మెయిన్ కట్టేసినా ఆగని ఇల్లు

పెందుర్తిలో మా ఇంటి మెట్ల కింద పదేళ్లుగా కాపురమున్న పాత ఇన్వర్టరుని సాగనంపి, డాబా మీద సోలార్ ప్యానెళ్లూ, కింద లిథియం బ్యాటరీ పెట్టించాలనుకున్నాం. అనుకోవడం వరకు సులువే. మా మావయ్య లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. మా చెల్లి ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఇళ్ల మీద సోలారు బిగించే పనిలో ఉంది. ఇద్దరికీ కరెంటే లోకం. కానీ ఆయన లోకం స్తంభం దగ్గర మొదలై మీటరు దగ్గర ఆగిపోతుంది. దీని లోకం మీటరు దగ్గర మొదలవుతుంది. ఒక ఆదివారం పూట వీధి అరుగు మీద ఆ రెండు లోకాలూ ఢీకొన్నాయి. పాత క్యాలెండరు వెనక వైరింగు బొమ్మ గీసే పని నాకు పడింది కాబట్టి, జరిగినదంతా దగ్గరుండి విన్నాను.

మావయ్య: అసలు బ్యాటరీ ఎందుకే నీకు? 2024 నుంచి సూర్యఘర్ పథకం ఉంది. 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేలు సబ్సిడీ. రోజుకి 12 యూనిట్ల దాకా వస్తాయి. వాడుకోగా మిగిలింది లైనుకి పోతుంది, బిల్లు తగ్గుతుంది. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ పెట్టించుకుని హాయిగా ఉండక!

చెల్లి: కరెంటు పోతే?

మావయ్య: అదీ ఆగిపోతుంది. ఎండ మాడ్చేస్తున్నా సరే, లైన్లో సప్లై పోయిన 2 సెకన్లలోపు ఆగాల్సిందే. అందులో నాకు నచ్చిందే అది.

చెల్లి: నెత్తిన 3 కిలోవాట్లు పెట్టుకుని చేతిలో విసనకర్ర పట్టుకోవడం నీకు నచ్చుతుందేమో. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అక్టోబరు 12న పోయిన కరెంటు మళ్లీ వచ్చేదాకా అమ్మ కొవ్వొత్తులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. మోటారు లేదు, నీళ్లు లేవు, ఫోను చార్జింగు లేదు. మళ్లీ తుపాను వస్తే ఆ చీకట్లో కూర్చోను మావయ్యా.

మావయ్య: మీరు చీకట్లో కూర్చున్న ఆ రోజుల్లో నేను స్తంభాల మీద ఉన్నాను. పడిన లైన్లు ఎత్తి, తీగల్ని కలిపే జంపర్లు వేస్తుంటే మాకు దేనికి భయమేసేదో తెలుసా? జనరేటరు చప్పుడుకి. చేంజోవర్ స్విచ్ లేకుండా, ప్లగ్గులో వైరు దూర్చి ఇల్లంతా వెలిగించుకునే మహానుభావులు ఉంటారు. ఆ కరెంటు ఇంట్లో ఆగదు, సర్వీసు వైరు ఎక్కి స్తంభానికొస్తుంది. ట్రాన్స్‌ఫార్మరుకి ముందూ వెనకా పట్టింపు లేదు. 11 వేల వోల్టుల్ని 433కి దించేదే, వెనక నుంచి మీ ఇంటి కరెంటు తోస్తే మళ్లీ వేలల్లోకి ఎక్కిస్తుంది. అందుకే జనరేటరు మోగితే స్తంభం దిగి, అది ఏ ఇంట్లోదో వెతుక్కునేవాళ్లం. నీ ఇన్వర్టరుకి ఆ చప్పుడు కూడా లేదు.

చెల్లి: లెక్క చూడు. మెట్ల కిందున్న 700 వాట్లిచ్చే ఇన్వర్టరు వీధంతా మోయగలదా? వీధిలోని ఫ్యాన్లూ ఫ్రిజ్జులూ మీద పడితే మరుక్షణం ఓవర్‌లోడని కూసి పడుకుంటుంది.

మావయ్య: వీధి తగిలి ఉంటే పడుకుంటుంది. నేను మీ స్తంభం దగ్గర జంపరు విప్పేశాననుకో. ఇక వీధి లేదు. మీ సర్వీసు వైరు, దాన్ని పట్టుకున్న నేను, అంతే. అప్పుడు లోడు నేనే. నన్ను మోయలేదా మీ ఇన్వర్టరు?

చెల్లి దగ్గర వెంటనే మాట లేదు. నేను క్యాలెండరు మీద స్తంభం గీసి, పక్కనే ఒక మనిషిని కూడా గీశాను.

మావయ్య: ఊరికే బెదిరిస్తున్నాననుకోకు. పోయిన వేసవిలో మీ ఇంట్లోనే చూశాను. కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు కుయ్యిమని అరిచి ఆగిపోయేది. చూడటానికొచ్చిన మెకానిక్కు బ్యాటరీ పోయింది, కొత్తది కొనండన్నాడు. కరెంటు లేని సమయంలో నేను మెయిన్ కట్టేసి చూశాను. ఈసారి ఆగిపోలేదు గానీ, లోపల రిలే టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. దాని అర్థమేంటో చెప్పు.

చెల్లి: దాని అవుట్‌పుట్ తిరిగి దాని ఇన్‌పుట్‌కే వస్తోంది. తన కరెంటే చూసి మెయిన్ వచ్చిందనుకుని చార్జింగుకి మారుతుంది. మారగానే ఆ కరెంటు పోతుంది. మళ్లీ బ్యాటరీకి మారుతుంది.

మావయ్య: కుక్క తన తోకని తరుముకున్నట్టు. పడకగది బోర్డు విప్పితే రెండంగుళాల వైరు ముక్క కనిపించింది. ఎవరో ఎప్పుడో ఇంకో ప్లగ్గుకి బ్యాకప్ రావాలని ఇన్వర్టరు ఫేజునీ మామూలు ఫేజునీ కలిపేశాడు. మెయిన్ వేసి ఉన్నంతకాలం ఈ ఇల్లు కరెంటు పోయినప్పుడల్లా వీధికి దీపం పెట్టబోయి చతికిలబడుతూ ఉంది. అందుకే చెబుతున్నా, ప్రమాదం బ్యాటరీలో లేదు. బయటికి పోయే తీగలో ఉంది.

చెల్లి: నువ్వు ఆ ఇన్వర్టరు ట్రాలీకి ఒకవైపు చూశావు. రెండోవైపు నేను చూశాను. ఇదిగో.

చున్నీ చెంగు ముడి విప్పి, పాత బ్యాటరీ తీగ చివరి రాగి లగ్గు అరుగు మీద పెట్టింది. బొటనవేలంత ఉంది. బోల్టు దూరే చిల్లు చుట్టూ రాగి ఊదా రంగుకి తిరిగింది. వైరు వచ్చి చేరే చోట ప్లాస్టిక్ పొంగి, బుడగలు కట్టి, బొగ్గయింది. గోటితో గీకితే పచ్చని పొడి రాలింది. లగ్గు నొక్కింది క్రింపింగ్ టూల్‌తో కాదని చూడగానే తెలుస్తోంది. సుత్తితో కొట్టిన దెబ్బలు రెండు స్పష్టంగా ఉన్నాయి.

మావయ్య: ఇది 12 వోల్టులది. రెండు చేతులతో పట్టుకున్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

చెల్లి: నిన్ను కొట్టదు, ఇంటిని కాలుస్తుంది. ఫ్యాన్లూ టీవీ ఫ్రిజ్జూ కలిసి 700 వాట్లు లాగాయనుకో. 12తో భాగిస్తే 58 ఆంపియర్లు. ఇన్వర్టరు తనలో పోగొట్టుకునేది కలిపితే 70. మన మీటరు నుంచి వచ్చే తీగలో 3 ఆంపియర్లుగా ఉండే పని ఈ తీగలో 70 ఆంపియర్లవుతుంది. సుత్తిదెబ్బల జాయింటులో ఓంలో నూరో వంతు నిరోధం ఉందనుకో. 70 ఇంటూ 70, దాన్ని నూరుతో భాగించు.

మావయ్య: 49.

చెల్లి: 49 వాట్లు. కాగిన సోల్డరింగ్ ఐరన్‌ని ప్లాస్టిక్ ట్రాలీలో గంటలకొద్దీ వదిలేసినట్టు. పైగా బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. మెకానిక్కు ఇన్వర్టరు లోపల ఉందిలే అన్నాడట. లోపలున్నది ఇన్వర్టరుని కాపాడుతుంది. బ్యాటరీ నుంచి ఇన్వర్టరు దాకా ఉన్న తీగని ఎవరు కాపాడతారు? ఎలక కొరికినా, స్పానరు జారి రెండు టెర్మినళ్ల మధ్య పడినా, బ్యాటరీ వేల ఆంపియర్లు ఇచ్చేస్తుంది. స్పానరు అతుక్కుపోతుంది. వేలికి ఉంగరం ఉంటే వేలే పోతుంది. నీ స్తంభం దగ్గరైతే ఎవరో ఒకరు ఫ్యూజు పీకుతారు. ఇక్కడ పీకేవాడెవరు?

మావయ్య: అందుకేనా ఉంగరం తీసి పనికి పోతావు!

చెల్లి: ఇంకోటి విను. ఆ ట్రాలీకి పైన అమ్మ దేవుడి అలమర. చార్జింగు చివర్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ నీళ్లని విడగొట్టి హైడ్రోజన్ వదులుతుంది. గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుంది. గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. పైన రెండు పూటలా దీపం. ఏళ్ల తరబడి ఏమీ కాలేదంటే మెట్ల పక్కన కిటికీ ఎప్పుడూ తెరిచి ఉండటం వల్లే. నువ్వేమో ప్రమాదమంతా బయటికి పోయే తీగలో ఉందంటున్నావు.

మావయ్య లగ్గుని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశారు.

మావయ్య: సరే. కొత్తదానిలో ఏం మారుతుంది?

చెల్లి: 16 సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 51 వోల్టులు. అదే 700 వాట్లకి, నష్టం కలిపినా, 16 ఆంపియర్లు. అదే చెడ్డ జాయింటు ఉన్నా వేడి 3 వాట్లు దాటదు. కానీ 3 కిలోవాట్లూ ఒకేసారి లాగితే మళ్లీ 65 ఆంపియర్లే. కాబట్టి లగ్గులు హైడ్రాలిక్ టూల్‌తోనే నొక్కాలి, బోల్టులు టార్కు రెంచితోనే బిగించాలి, ప్లస్ టెర్మినల్ పక్కనే డీసీ ఫ్యూజు పెట్టాలి. ఈ బ్యాటరీ హైడ్రోజన్ వదలదు, డిస్టిల్డ్ వాటర్ అడగదు. అయినా మెట్ల కింద పెట్టను. ఏదైనా అంటుకుంటే పైవాళ్లు దిగే దారి అదొక్కటే. ఉత్తరం వసారాలో, నీడన, ఇటుక గోడకి పెడతాను.

మావయ్య: ప్యానెళ్లు?

చెల్లి: 540 వాట్లవి ఆరు. ఒక్కోటి ఖాళీగా ఉన్నప్పుడు 50 వోల్టుల దాకా చూపిస్తుంది. వరసగా కలిపితే 300. చలికి ఇంకా పెరుగుతుంది. లంబసింగి చలిలో పెడితే ఇంకో 15 వోల్టులు ఎక్కువే ఉంటుంది. కాబట్టి స్విచ్చు, ఫ్యూజు, ఇన్వర్టరు అన్నీ అంతకు మించి తట్టుకునేవే కొనాలి.

మావయ్య: డాబా మీద నుంచి దిగేచోట ఒక ఎంసీబీ పెట్టేద్దాం. మన స్టోర్‌రూములో రెండు కొత్తవి ఉన్నాయి.

చెల్లి: అవి ఏసీవి. పనికిరావు.

మావయ్య: ఎంసీబీ ఎంసీబీయే కదే. కరెంటు ఎక్కువైతే పడిపోవాలి.

చెల్లి: లోడు మీద ఉండగా స్తంభం మీది ఏబీ స్విచ్ తెరుస్తావా మావయ్యా?

మావయ్య: పిచ్చా? కొసల మధ్య మంట సాగుతూ వస్తుంది. సబ్‌స్టేషన్‌కి చెప్పి, ఫీడరు ఆపించి, ఎల్‌సీ, అదే లైన్ క్లియర్, తీసుకున్నాకే.

చెల్లి: ఆ మంట ఏసీలో అయితే ఎప్పుడో ఒకప్పుడు ఆరుతుంది. సెకనుకి నూరుసార్లు ఆ కరెంటు సున్నాకి వస్తుంది. మంటకి ఊపిరి అందని క్షణాలవి. ఏసీ ఎంసీబీ ఆ క్షణాల మీద ఆధారపడి బతుకుతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ. అందులో సున్నా లేదు. స్విచ్చు తెరిచాక కూడా మంట సాగుతూనే ఉంటుంది, డబ్బా కరిగేదాకా. డీసీ ఎంసీబీలో ఆ మంటని అయస్కాంతంతో పక్కకి లాగి, ముక్కలు చేసి ఆర్పే ఏర్పాటు ఉంటుంది. కొన్నిట్లో ప్లస్, మైనస్ గుర్తులు కూడా ఉంటాయి, తిరగేసి బిగిస్తే ఆ ఏర్పాటే తిరగబడుతుంది. ప్యానెలు వైర్ల చివర ఉండే ఎంసీ4 ప్లగ్గు కూడా నీ ఏబీ స్విచ్ లాంటిదే. కరెంటు పారుతుండగా లాగకూడదు.

మావయ్య: ఇంతకాలం ఎవడూ ఇలా చెప్పలేదు. మరి నాకో సందేహం. ఆ డీసీ స్విచ్చు కట్టేస్తే డాబా మీద లైను చచ్చినట్టేనా?

చెల్లి: స్విచ్చు నుంచి ఇవతల చచ్చినట్టు. అవతల, ప్యానెలు దాకా, సూర్యుడున్నంతసేపూ బతికే ఉంటుంది. పగలు దాన్ని ఎవరూ కట్టేయలేరు. మందపాటి టార్పాలిన్ కప్పాలి, లేదా పొద్దుగూకేదాకా ఆగాలి.

మావయ్య: ఎల్‌సీ ఇవ్వని సబ్‌స్టేషన్ అన్నమాట.

చెల్లి: అందుకే ఆ తీగని ఎండకి పగలని సోలార్ కేబుల్‌తో, పైపులో, పదునైన అంచులు తగలకుండా దించాలి. రెండు కంపెనీల ప్లగ్గులు జతచేయకూడదు. దూరడం దూరుతాయి, లోపల సరిగ్గా అంటవు. పిడుగుకి ఒక ఎర్తు గొయ్యి, డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి తవ్విస్తున్నాను.

మావయ్య: బాగుంది. ఇక నా షరతు విను. కరెంటు పోగానే మీ ఇల్లు వీధి నుంచి పూర్తిగా తెగిపోవాలి. ఫేజు ఒక్కటే తెంపితే చాలదు, న్యూట్రల్ కూడా తెంపాలి. మీటరు దగ్గర ఫేజూ న్యూట్రల్ తారుమారైన ఇళ్లు ఎన్ని చూశానో. ఒకటే తెంపి ఊరుకుంటే, మిగిలినదే ఫేజయి కూర్చోవచ్చు.

చెల్లి: ఒప్పుకుంటాను. మనం పెట్టబోయే హైబ్రిడ్ ఇన్వర్టరు లోపలి రిలే రెండూ తెంపుతుంది. కానీ నీకు క్షేమమైనది నాకు చిక్కు. మన న్యూట్రల్‌కి నేల ఎక్కడ అందుతోంది?

మావయ్య: ట్రాన్స్‌ఫార్మరు దగ్గర.

చెల్లి: ఆ తీగ తెంపేశాక ఇంట్లోది పేరుకే న్యూట్రల్. గాల్లో వేలాడుతుంటుంది.

మావయ్య: మంచిదేగా! నేలతో సంబంధం లేకపోతే ఫేజు ముట్టుకున్నా షాకు రాదు.

చెల్లి: మొదటి లోపానికి రాదు. భయం అక్కడే. తుపాను రాత్రి ఇల్లు బ్యాటరీ మీద ఉంది. ఫ్రిజ్జులో ఒక తీగ బాడీకి తగిలింది. ఏమీ కాదు. ఏదీ పడిపోదు, ఎవరికీ తెలియదు. గంట తర్వాత అమ్మ వంటింట్లో మిక్సీ పగిలిన వైరుని తడిచేత్తో పట్టుకుంది, అది రెండో తీగ. అప్పుడు కరెంటు అమ్మలోంచి నేలలోకి దిగి, ఎర్తు మీదుగా ఫ్రిజ్జు బాడీకి వచ్చి, మొదటి లోపంలోంచి తిరిగి ఇన్వర్టరుకి చేరుతుంది. ఆర్‌సీసీబీ చేసేది తూకమే కదా. పోయినది, తిరిగొచ్చినది తూచి, 30 మిల్లీఆంపియర్లు తేడా ఉంటే పడిపోతుంది. ఇక్కడ పోయినదంతా తిరిగొచ్చింది. తూకం సరిపోయింది. ఇక ఎందుకు పడుతుంది?

మావయ్య: అయితే న్యూట్రల్‌ని ఎర్తుకి కలిపేస్తానంటావు. మా డిపార్ట్‌మెంటు మనిషి ఎవరూ ఒప్పుకోరు. మీటరు ఇవతల ఆ రెండూ కలిపితే, వీధి న్యూట్రల్ తెగిన రోజున ఊరివాళ్ల కరెంటంతా మీ ఎర్తు గొయ్యి వెతుక్కుంటూ వస్తుంది.

చెల్లి: ఎప్పటికీ కలిపి ఉంచనంటున్నాను. వీధితో తెగాకే కలపాలి. వీధితో కలిసేలోపే విడదీయాలి. రెండూ ఒక్క క్షణం కూడా ఒకేసారి ఉండకూడదు. ఇన్వర్టరులో దానికి వేరే రిలే ఉంది, కానీ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఆఫ్‌లో ఉంటుంది. మెనూలోకి వెళ్లి పెట్టాలి.

మావయ్య: చేంజోవర్‌లా. ఇటో అటో గానీ, మధ్యలో రెండూ కాదు.

చెల్లి: అదే.

మావయ్య: నాకు ఇంకోటి కావాలి. మీటరు బోర్డు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి: ఈ ఇంట్లో సోలారు, బ్యాటరీ ఉన్నాయి, మెయిన్ కట్టేసినా లోపల కరెంటు ఉంటుంది. కింద ఏది ముందు కట్టేయాలో, ఏది తర్వాతో. రేపు నా బదులు వచ్చే కుర్రాడు మీ అమ్మని లేపి అడగక్కర్లేకుండా.

క్యాలెండరు వెనక నా బొమ్మ నిండిపోయింది. బ్యాటరీ దగ్గర ఒక గీత, ప్యానెళ్లు దిగే చోట ఒకటి, మీటరు దగ్గర ఒకటి. అన్నీ ఆపే చోట్లే. ఇంతసేపు వాదించుకుని ఇద్దరూ గీయించినది వాటినే. ఫ్యాను ఎక్కడ, ఫ్రిజ్జు ఎక్కడ అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

నెల తర్వాత బిగింపు పూర్తయింది. లైసెన్సున్న కాంట్రాక్టరు బిగించాడు, డిస్కం నుంచి వచ్చి చూసి వెళ్లారు. అయినా సాయంత్రం మావయ్య తన పాత టెస్ట్ ల్యాంపు పట్టుకొచ్చారు. మెయిన్ కట్టేశారు. ఇల్లు చప్పుడు లేకుండా బ్యాటరీ మీదికి మారింది. ముందు మెయిన్ స్విచ్చుకి ఇంటివైపు టెర్మినళ్ల మధ్య ల్యాంపు పెట్టారు. వెలగలేదు. మల్టీమీటరుతో కూడా చూశారు, సున్నా. ఆయన ముఖం విచ్చుకుంది.

తర్వాత హాల్లో ప్లగ్గు దగ్గర ల్యాంపుని ఫేజుకీ ఎర్తుకీ పెట్టారు. బల్బు వెలగలేదు. ఆర్‌సీసీబీ కదల్లేదు.

“చూశావా, షాకు లేదు,” అన్నారు మావయ్య.

“కాదు, కాపలా లేదు,” అంది చెల్లి. ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్ నొక్కింది. టక్కుమని పడింది. “బటన్ నొక్కితే పడుతుంది. అది లోపల తనలో తనే చూసుకునే పరీక్ష, ఎర్తుతో పనిలేదు. దీన్ని నమ్మి ఎంతమంది నిద్రపోతున్నారో.” ఇన్వర్టరు దగ్గరికి వెళ్లి మెనూ వెతికింది. కాంట్రాక్టరు ఆ సెట్టింగు పెట్టనేలేదు. పెట్టింది. లోపల ఏదో సన్నగా క్లిక్కుమంది. ఆర్‌సీసీబీ పైకెత్తింది.

మావయ్య మళ్లీ ల్యాంపు పెట్టారు. బల్బు వెలిగే వ్యవధి కూడా ఇవ్వకుండా ఆర్‌సీసీబీ పడిపోయింది. ఇల్లంతా చీకటి.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. “ఇన్ని లక్షలు పోసి పెట్టించారు, మొదటి రోజే కరెంటు పోయిందేంటర్రా?”

“అలా పోవడానికే పెట్టించాం అక్కా,” అన్నారు మావయ్య, చీకట్లో ల్యాంపు వైరు చుట్టుకుంటూ.